మొదటి హ్యామక్ కొంటున్నా, దోమతెర కుట్టేసి ఉన్నది తీసుకోవాలా, విడిగా తొడిగేది తీసుకోవాలా?

గోదారి_గట్టు
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి అవతల ఒక పల్లె, ఉద్యోగం మాత్రం హైదరాబాద్. మూడేళ్ళుగా టెంట్ వేసుకుని తిరుగుతున్నా, అనంతగిరి, మారేడుమిల్లి, లంబసింగి, వీలు కుదిరినప్పుడల్లా మా మావయ్య వాళ్ళ మామిడితోట. కిందటి నెల తోటలో పొద్దున్నే టెంట్ తీసి మడతపెడుతుంటే అడుగు షీట్ కింద రెండు తేళ్ళు, ఒకటి సరిగ్గా నేను తల పెట్టుకున్న చోటే. ఆ రోజు నుంచీ నేల మీద పడుకోవాలంటే మనసు ఒప్పట్లేదు. అందుకే రెండు చెట్ల మధ్య కట్టే గుడ్డ ఊయల, అదే హ్యామక్‌కి మారదామనుకుంటున్నా. నా ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, బరువు 80 కిలోలు. దోమలు నన్ను అస్సలు వదలవు, పది మంది కూర్చుంటే ముందు నా దగ్గరికే వస్తాయి, కాబట్టి దోమతెర లేకుండా కుదరదు.

ఆన్‌లైన్‌లో చూస్తే తెర ఊయలకే కుట్టేసి జిప్ పెట్టినవి ఉన్నాయి, విడిగా అమ్మే తెరలూ ఉన్నాయి. ఏది తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నా. ఎక్కువగా అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా వెళ్తాను, సగం కోస్తాలో, సగం కొండల మీద. వాడినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కొండదారి
తమ్ముడూ, తెర సంగతి తర్వాత, ముందు పొడవు చూడు. నీ ఎత్తుకి 9 అడుగుల ఊయల వద్దు. షాపుల్లో ఇద్దరికి సరిపోతుంది అని అమ్మేవి వెడల్పు ఎక్కువుంటాయి గానీ పొడవు తక్కువ, వెడల్పు చూసి మోసపోకు. పేరున్న ఈనో కంపెనీ డబుల్‌నెస్ట్ కూడా 9 అడుగుల 4 అంగుళాలే, మధ్యాహ్నం నడుం వాల్చడానికి బావుంటుంది, రాత్రంతా పడుకోవాలంటే 6 అడుగుల మనిషికి చాలదు. నీకు 11 అడుగులది కావాలి, అంటే 335 సెంటీమీటర్లు.

ఎందుకంటే హ్యామక్‌లో నిలువుగా పడుకోకూడదు, ఐమూలగా పడుకోవాలి. తల కొంచెం ఎడమకి, కాళ్ళు కొంచెం కుడికి. అలా పడుకుంటే గుడ్డ వెడల్పుగా పరుచుకుని వీపు దాదాపు సమంగా ఉంటుంది. మన ఇళ్ళల్లో చీర ఊయల్లో పసిపిల్లల్ని వేసినప్పుడు చూడు, పిల్ల నిద్రలో తిరిగి తిరిగి ఐమూలకి వచ్చాక ఇంక కదలదు. పొట్టి ఊయల్లో ఐమూలకి చోటుండదు, నిలువుగా పడుకుని నడుం వంగిపోయి, పిక్కల కింద గుడ్డ గట్టిగా గీతలా నొక్కుతుంది, తెల్లారేసరికి మోకాళ్ళు లాగేస్తాయి. హ్యామక్ నచ్చలేదని అమ్మేసినవాళ్ళని ఎవరినడిగినా వాళ్ళది పొట్టిదే అయ్యుంటుంది.

పటాన్‌చెరు_బండి
కొండదారి అన్న చెప్పింది నిజం. నేను పోయినేడు తెలియక తక్కువల వస్తుందని దోమతెర కుట్టిన హ్యామక్ ఒకటి తెప్పించిన, కంపెనీ పేరు వద్దు. తెర మీదికి లేపి కట్టనీకి పైన తాడు సరిగ లేదు, పండుకుంటే తెర మొత్తం మొకం మీదికి వచ్చి పడ్తది, ముక్కుకు తాకుతది, తాకినకాడల్లా దోమ బయట కూసొని కుడ్తది. నర్సాపూర్ దిక్కు దోస్తు వాళ్ళ పొలంల రెండు రాత్రులు పండుకున్న, రెండో దినం పొద్దుగాల షర్ట్ ఇప్పి చూస్తే వీపు మొత్తం దద్దుర్లే. జిప్ పూర్తిగ పెట్టే ఉండె, లోపల ఒక్క దోమ లేదు. ఏం సమజ్ కాలె నాకు.

గోదారి_గట్టు
అదేంటి అన్నా, లోపల దోమ లేకపోతే వీపు మీద ఎట్లా కుట్టింది?

కరొలినా_తెలుగు
దీనికి నేను చెప్తాను, ఇక్కడ నార్త్ కరొలినాలో ఏడెనిమిదేళ్ళుగా హ్యామక్‌లోనే పడుకుంటున్నా, బ్లూ రిడ్జ్ కొండల్లో, అప్పలాచియన్ ట్రెయిల్ అనే పొడవైన కాలిబాట మీద కొన్ని ముక్కలు.

దోమ కింద నుంచి కుడుతుంది. హ్యామక్ నైలాన్ చాలా పల్చన, మన బరువుకి ఆ గుడ్డ వీపుకి, పిరుదులకి, భుజాలకి అతుక్కుపోయి ఉంటుంది, మధ్యలో గాలి కూడా ఉండదు. దోమ వచ్చి అడుగున తలకిందులుగా వాలి ఆ నేత సందుల్లోంచి తొండం దించేస్తుంది. తెర పైన మాత్రమే ఉంది కదా, కింద ఉన్నది ఒట్టి ఊయల గుడ్డే. పటాన్‌చెరు భాయ్‌కి జరిగింది ఖచ్చితంగా ఇదే.

కుట్టేసి ఉన్న తెరకీ విడి తెరకీ అసలు తేడా ఇక్కడే ఉంది. కుట్టేసినదాంట్లో తెర ఊయల అంచుల దాకా వచ్చి ఆగిపోతుంది. విడిగా తొడిగేది గొట్టంలాగానో సంచిలాగానో ఊయల మొత్తాన్ని, కింద కూడా కలిపి, చుట్టేస్తుంది. అది అడుగున వదులుగా వేలాడుతుంది కాబట్టి దోమ తెర మీద వాలినా వీపు అందదు.

మరి ఇక్కడ అందరూ కుట్టేసిన తెరవే ఎందుకు కొంటారంటే మేం కింద అండర్‌క్విల్ట్ కడతాం, అంటే ఊయల అడుగున బయటి నుంచి వేలాడదీసే బొంత లాంటిది. చలికీ అదే, దోమకీ అదే అడ్డం. నా దగ్గరున్నది వార్‌బానెట్ బ్లాక్‌బర్డ్, తెర దానికే కుట్టి ఉంటుంది, పక్కన జిప్. డచ్‌వేర్ వాళ్ళ కమీలియన్‌కి తెర పూర్తిగా ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చు. హెన్నెసీ పాత మోడళ్ళలో అయితే అడుగున చీలికలోంచి లోపలికి వెళ్ళాలి. అన్నీ మంచివే, కానీ ఇండియాకి తెప్పించుకుంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిసి తడిసి మోపెడవుతుంది.

కోస్తాలో అక్టోబర్ ఉక్కలో అండర్‌క్విల్ట్ కట్టలేవు, ఉడికిపోతావు. అండర్‌క్విల్ట్ లేనివాడికి కుట్టేసిన తెర సగం రక్షణే. నా ఓటు మాత్రం 11 అడుగుల మామూలు ఊయల, దానికి విడిగా చుట్టూ వచ్చే తెర.

పటాన్‌చెరు_బండి
ఏడాది సంది ఆగమైతున్న, ఇయ్యాల సమజైంది. థాంక్స్ అన్నా.

హాయిగా_నిద్ర
ఇంత ఎందుకండీ, ఓడోమస్ రాసుకుని ఊయల కింద ఒక కాయిల్ వెలిగిస్తే సరిపోతుంది కదా? మేం చిన్నప్పుడు డాబా మీద అలాగే పడుకునేవాళ్ళం.

కొండదారి
ఊయల కింద కాయిల్ మాత్రం వెలిగించకండి, దయచేసి. నైలాన్‌కి చిన్న నిప్పు తగిలినా కరిగి చిల్లు పడుతుంది, మీద 80 కిలోల మనిషి ఉంటే ఆ చిల్లు అలాగే చిరుగుతూ పోతుంది. మా బ్యాచ్‌లో ఒకాయన చలిమంటకి దగ్గరగా కట్టుకుంటే నిప్పురవ్వ ఎగిరి తెరకి శనగగింజంత చిల్లు పడింది, అదే రాత్రి ఆ చిల్లులోంచే దోమలు. కట్టుకునేటప్పుడే గాలి ఎటుందో చూసి మంటకి దూరంగా కట్టుకోవాలి. ఇక క్రీమ్ అంటారా, సాయంత్రం ఊయలెక్కేదాకా చేతులకీ కాళ్ళకీ రాసుకోవడానికి బావుంటుంది, కానీ వీపుకి రాసుకుని ఆ గుడ్డకే రాత్రంతా ఒరుసుకుంటుంటే ఎంతసేపు నిలుస్తుంది?

కరొలినా_తెలుగు
క్రీముల గురించి ఇంకొకటి. డీట్ అనే దోమల్ని తరిమే రసాయనం ఉన్నవి వాడితే నైలాన్‌కి ఏం కాదు గానీ ప్లాస్టిక్ వస్తువులు, స్పాండెక్స్ లాంటి సాగే గుడ్డలు పాడవుతాయి, రాసుకున్న చేత్తో హెడ్‌ల్యాంప్, కళ్ళజోడు పట్టుకోకండి. ఇక్కడ మేం 0.5 శాతం పెర్మెత్రిన్ అనే దోమల మందు స్ప్రే దొరికితే ఊయల అడుగున బయటివైపు కొట్టి పూర్తిగా ఆరనిచ్చి వాడతాం. అది గుడ్డకే, ఒంటికి రాసుకునేది కాదు. తడిగా ఉన్నప్పుడు పిల్లులకి విషం, చేపలకీ తేనెటీగలకీ కూడా చెడు చేస్తుంది, వాగు పక్కన కొట్టొద్దు. గుడ్డలకని ప్రత్యేకంగా తయారుచేసినది దొరక్కపోతే మానేయండి, అంతేగానీ పొలానికి కొట్టే పురుగుమందు కలిపి ఊయలకి పూయడం లాంటివి మాత్రం ప్రాణం మీదికి వస్తాయి, అందులో ఏమేం ద్రావకాలు ఉంటాయో మనకి తెలియదు, రాత్రంతా ముఖం దానికే ఆనించి పడుకుంటాం.

సూది_దారం
నమస్తే అండి. నేను గుంటూరులో ఉంటాను, మా ఇంట్లో ముగ్గురి హ్యామక్‌లకీ తెరలు నేనే కుట్టాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. విడి తెర కుట్టించుకోవడం కష్టమేం కాదు, దోమతెర గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది, మిషన్ ఉంటే ఒక మధ్యాహ్నం పని.

ముందు ఊయల పైన రెండు చివర్లనీ కలుపుతూ ఒక సన్నటి గట్టి తాడు కట్టుకోవాలి, దాన్ని రిడ్జ్‌లైన్ అంటారు. దాని పొడవు ఊయల పొడవులో 83 శాతం పెట్టుకోమంటారు, 335 సెంటీమీటర్ల ఊయలకి 278 దగ్గర వస్తుంది. ఆ తాడు ఒక్కసారి కొలిచి కట్టేస్తే ఇంక చెట్లు దూరంగా ఉన్నా దగ్గరగా ఉన్నా ఊయల వంపు రోజూ ఒకేలా ఉంటుంది. తెర కూడా ఆ తాడు మీదే వాలుతుంది, ముఖం మీద పడదు.

తెర గుడ్డని ఆ తాడు మీద దుప్పటి ఆరేసినట్టు వేసి, రెండు చివర్లు కుట్టేసి ఊయల పట్టీ బయటికి రావడానికి చిన్న బొక్క వదలాలి, ఆ బొక్క చుట్టూ నాడా పెట్టి బిగించుకోవాలి. అడుగు మొత్తం తెరిచే ఉంచి అంచు పొడవునా లంగా నెఫాలాగా కుట్టి నాడా దూర్చాలి. కిందనుంచి తల దూర్చి లోపలికి వెళ్ళి, కూర్చుని, నాడా లాగేస్తే మూసుకుపోతుంది. చాలామంది తప్పు చేసేది కొలత దగ్గర, ఖాళీ ఊయలకి కొలిచేస్తారు. మనిషి పడుకుంటే ఊయల వెడల్పవుతుంది, కిందికి దిగుతుంది. ఇంట్లో ఒకరిని ఐమూలగా పడుకోబెట్టి, రిడ్జ్‌లైన్ మీంచి పక్కగా, వీపు కింద దాకా పురికోస వేసి కొలవండి, దానికి ఇంకో జానెడు కలపండి. మా అబ్బాయికి ఒక్కో పక్క 5 అడుగులు పట్టింది. ఆ జానెడు వదులే వీపుకీ దోమకీ మధ్య దూరం, అక్కడ పిసినారితనం చేస్తే కుట్టి లాభం లేదు.

గుడ్డ కొనేటప్పుడు రంధ్రాలు చూడండి. మామూలు దోమతెర దోమని ఆపుతుంది గానీ వాగుల దగ్గర నుసుములు దూరిపోతాయి. సన్న అల్లికది తీసుకుంటే అవీ రావు కానీ గాలి తగ్గుతుంది. కోస్తాకి మామూలుది చాలు అనేది నా అభిప్రాయం. రంగు నలుపు తీసుకోండి, తెల్ల తెరలోంచి బయటికి చూస్తే టార్చి వెలుగుకి ఏమీ కనపడదు, నల్లదైతే చుక్కలు కూడా కనిపిస్తాయి.

గోదారి_గట్టు
అక్కా, ఇది నేను ప్రింట్ తీసుకుని మా ఊరి టైలర్‌కి ఇస్తాను. చెట్టుకి కట్టే పట్టీలకి నవారు వాడొచ్చా? మంచానికి అల్లేది ఇంట్లో చుట్ట ఉంది.

సూది_దారం
నూలు నవారు వద్దు తమ్ముడూ, బరువుకి సాగుతుంది, పాతదైతే లోపల ఎక్కడ పుచ్చిపోయిందో కనపడదు. పాలిస్టర్ పట్టీ తీసుకో, అంగుళం వెడల్పుకి తగ్గకుండా. నైలాన్ పట్టీ కూడా వద్దు, రాత్రి మొదలుపెట్టినప్పుడు మోకాలెత్తులో ఉంటావు, తెల్లారేసరికి సాగి నేలకి ఆనుతావు.

కొండదారి
అక్క చెప్పినదానికి ఒక ముక్క కలుపుతా. సన్న తాడు చెట్టుకి కట్టొద్దు, బెరడు కోసుకుపోతుంది, వెడల్పు పట్టీ అయితే చెట్టుకీ మంచిది, మనకీ జారదు.

పట్టీని గట్టిగా లాగి తీగలా బిగించొద్దు. లెక్క చెప్తా చూడు. 80 కిలోల మనిషి, పట్టీ వాలు 30 డిగ్రీలు ఉంటే ఒక్కో చెట్టు వైపు 80 కిలోల లాగుడు పడుతుంది. 15 డిగ్రీలకి బిగిస్తే 155 కిలోలవుతుంది. ఇంకా బిగించి 5 డిగ్రీలు చేస్తే 460 దాకా పోతుంది. నువ్వు అదే 80 కిలోలు, బిగింపు వల్లే పట్టీ తెగేంత, సన్న చెట్టు వంగేంత బలం వస్తోంది. చూపుడువేలు నిలువుగా, బొటనవేలు అడ్డంగా చాచి, ఆ రెండు కొసల్నీ కలిపే గీతని పట్టీ వాలుతో పోల్చు, దాదాపు 30 డిగ్రీలు వస్తుంది. చెట్ల మధ్య 4 నుంచి 5 మీటర్లు, పట్టీ నీ తల ఎత్తులో, కూర్చుంటే కుర్చీ ఎత్తు, ఇంతే గుర్తు పెట్టుకో. కొక్కేలు మాత్రం బరువు ఎంతో అచ్చు వేసి ఉన్నవే, తాళంచెవుల గుత్తికి తగిలించేవి కాదు.

మన్యం_పిల్లోడు
అందరూ సరుకు గురించి చెప్పారు, చెట్టు గురించి, జ్వరం గురించి నేను చెప్తాను, మాది పాడేరు వైపు.

కట్టే ముందు తలెత్తి చూడాలి. ఎండిన కొమ్మ పైన వేలాడుతుంటే ఆ చెట్టు వద్దు, గాలి లేకపోయినా రాత్రి విరిగి పడుతుంది. మునగ చెట్టు, బొప్పాయి వైపు వెళ్ళనే వద్దు, నీలగిరి కొమ్మలు కూడా చెప్పకుండా ఊడతాయి. కొబ్బరిచెట్టు కింద కాయ పడితే మనిషి మిగలడు. సముద్రం వైపు సరుగుడు తోటల్లో చెట్లు సన్నగా ఉంటాయి, తొడ లావు లేనిదానికి కట్టకండి, పైగా అవి ఎవరో ఒకరి పంట, అడిగి కట్టాలి. మామిడికైతే ఆకులు కలిపి అల్లిన ఎర్రచీమల గూళ్ళున్నాయేమో పగలే చూసుకోండి, పట్టీ వాటికి వంతెన అవుతుంది, తెర లోపలికి కూడా వస్తాయి.

మా దగ్గర రాత్రి కుట్టే దోమ మలేరియా దోమ, కొండవాగుల్లో పుడుతుంది, పొద్దు గూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా తిరుగుతుంది. మా ఊళ్ళల్లో ఆరోగ్య శాఖ వాళ్ళు మందు పట్టించిన తెరలు పంచుతారు, మా అమ్మ సాయంత్రం అన్నం పెట్టక ముందే తెర దించేస్తుంది. టూరిస్టులు మేఘాలు చూడ్డానికి వచ్చి నిక్కర్లతో బయట కూర్చుంటారు, చూస్తే భయమేస్తుంది. తెరలోకి వెళ్ళడం తొమ్మిదింటికి కాదు, చీకటి పడగానే ఫుల్ హ్యాండ్స్ వేసుకోవాలి. తిరిగి ఇంటికెళ్ళాక జ్వరం వస్తే, వారానికైనా నెలకైనా సరే, మన్యం వెళ్ళొచ్చానని డాక్టర్‌కి చెప్పి రక్త పరీక్ష చేయించుకోండి. కొన్ని రకాల మలేరియా నెలలు గడిచాక కూడా బయటపడుతుంది.

రిజర్వ్ ఫారెస్ట్‌లో అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు. క్యాంపు వాళ్ళని అడిగితే రెండు చెట్లు చూపిస్తారు.

గోదారి_గట్టు
అందరికీ చాలా థాంక్స్. 11 అడుగుల ఊయల ఆర్డర్ పెట్టా, తెర లేనిది. తెర టైలర్ దగ్గరుంది. రెండు వారాలకి తోటకి వెళ్తా, వచ్చి చెప్తా.

గోదారి_గట్టు
శనివారం రాత్రి పడుకున్నా, వివరంగా రాస్తున్నా.

తెర శుక్రవారానికి తయారు కాలేదు, కింద నాడా ఇంకా ఎక్కించలేదు. అయినా ఆగలేక తెర పైన వేసి, అంచులు ఊయల అంచులకి క్లిప్పులతో పట్టించా, అంటే కుట్టేసిన తెరలాగే అయ్యింది. ఐమూలగా పడుకుంటే వీపు నిజంగా సమంగా ఉంది, నేను నమ్మలేదు. గంట తర్వాత కుడి భుజం కింద చురుక్ చురుక్‌మంది. బావమరిదిని టార్చి పట్టుకుని కింద నుంచి చూడమన్నా. వాడు మొదట ఏం మాట్లాడలేదు, తర్వాత ఫోన్‌లో ఫోటో తీసి చూపించాడు. నా భుజం, పిరుదులు గుడ్డని ఎక్కడ నొక్కుతున్నాయో సరిగ్గా అక్కడ, ఆ రెండు చోట్లే, దోమలు వరసగా అంటుకుని ఉన్నాయి, పదకొండు లెక్కపెట్టా, మూడింటి కడుపులు ఎర్రగా నిండి మెరుస్తున్నాయి. పక్కనే గుడ్డ వదులుగా ఉన్న చోట ఒక్కటీ లేదు. కరొలినా అన్న చెప్పింది అక్షరాలా కళ్ళతో చూశా.

ఆదివారం పొద్దున్నే టైలర్ దగ్గర కూర్చుని నాడా ఎక్కించుకుని వచ్చా. ఆ రాత్రి తెర చుట్టూ, కింద కూడా జానెడు వదులుతో. మళ్ళీ టార్చి వేయించి చూస్తే దోమలు తెర అడుగున తిరుగుతున్నాయి గానీ వీపుకి ఇంకా జానెడు దూరం. ఒక్కటి కూడా కుట్టలేదు, తెల్లారి ఆరున్నరకి మా మావయ్య వచ్చి లేపేదాకా మెలకువ రాలేదు.

ఒక్క సందేహం మిగిలింది, లంబసింగిలో డిసెంబర్‌లో వీపు కింద చలి ఎట్లా?

కరొలినా_తెలుగు
ఆ ఫోటో దాచుకో, కొత్తగా వచ్చి అడిగేవాళ్ళకి చూపించొచ్చు.

చలికి స్లీపింగ్ బ్యాగ్ ఒక్కటే సరిపోదు, కింద నీ బరువుకి నలిగిపోయి అందులో గాలి నిలవదు. అండర్‌క్విల్ట్ లేకపోతే నీ దగ్గర టెంట్‌కి వాడిన ఫోమ్ మ్యాట్ ఉంటుంది కదా, దాన్నే వేసుకో, భుజాల దగ్గర వెడల్పు చాలకపోతే ఇంకో ముక్క అడ్డంగా. ఒంటి పొర ఊయల్లో అది జారుతూనే ఉంటుంది, కింద దుప్పటి పరిచి దాని మీద వేస్తే కొంచెం నయం. మ్యాట్ ఉన్నంతమేరా దోమ కూడా కింద నుంచి అందుకోలేదు.

సూది_దారం
తమ్ముడూ, మంచు బాగా కురిసే చోటు కాబట్టి పైన బరకం కట్టుకో, ఊయల కంటే రెండు వైపులా అరడుగు ఎక్కువ ఉండాలి. పట్టీ మీద ఊయలకి జానెడు ఇవతల ఒక పురికోస ముక్క కట్టి కిందికి వదిలేయి. చెట్టు మీంచి పట్టీ వెంట జారే నీళ్ళు ఆ దారం పట్టుకుని కిందికి కారిపోతాయి, ఊయల దాకా రావు. రెండు వైపులా కట్టాలి.

గోదారి_గట్టు
కడతా అక్కా. టైలర్ గారు ఇంకో రెండు తెరలకి గుడ్డ తెమ్మన్నారు, ఒకటి మా బావమరిదికి, ఒకటి ఆయనకేనట.

పటాన్‌చెరు_బండి
తమ్మీ, నా కొలత కూడ పంపుత, ఇంకొకటి కుట్టమని చెప్పు. నాది 5 అడుగుల 7 అంగుళాలు, ఊయల 10 అడుగులది తీస్కుంటున్న.

సూది_దారం
పటాన్‌చెరు అన్నయ్యా, ఊయల చేతికి వచ్చాక, అందులో పడుకుని కొలిచి పంపండి. ముందే పంపకండి.